1984 నాటి రూపంలో ఆప్టిమస్ ప్రైమ్: పాతది వెతకాలా, రీఇష్యూ కొనాలా, మిస్సింగ్ లింక్ తీసుకోవాలా?

ప్రశ్న – ఎర్రలారీ

సభ్యులందరికీ నమస్కారం. వాహనాలూ వస్తువులూ రోబోలుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ తొలితరం బొమ్మల్లో ఒక్కటైనా నా అల్మారాలో ఉండాలని చాలాకాలంగా కోరిక. ఆ ఒక్కటి లారీగా మారే నాయకుడు ఆప్టిమస్ ప్రైమే కావాలన్న విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఎటొచ్చీ ఏ ఆప్టిమస్ ప్రైమ్ అన్న దగ్గరే నిర్ణయం ఆగిపోయింది.

నాకు అర్థమైనంతవరకు మూడు దారులున్నాయి. 1984లో అమెరికా సంస్థ హాస్‌బ్రో అమ్మిన అసలు బొమ్మను, కొంత అరిగిపోయి ఉన్నా సరే, వెతికి కొనడం మొదటిది. ఆ తరువాతి సంవత్సరాల్లో అదే రూపంతో టకారా, హాస్‌బ్రో సంస్థలు మళ్లీ మళ్లీ విడుదల చేసిన రీఇష్యూలలో ఒకదాన్ని తీసుకోవడం రెండోది. టకారా టోమీ (టకారాకు తరువాతి పేరు) 2024లో మొదలుపెట్టిన మిస్సింగ్ లింక్ శ్రేణిలోని సి-01 కాన్వాయ్ మూడోది. ఆప్టిమస్ ప్రైమ్‌కు జపాన్‌లో ఉన్న పేరే కాన్వాయ్ అని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. ఈ మూడోది చూపులకు పాత బొమ్మలాగే ఉంటుంది కానీ, దాని చేతులూ కాళ్లూ కదిలేలా కీళ్లన్నీ కొత్తగా రూపొందించారని చదివాను.

నా సందేహాలు ఇవి. రీఇష్యూ అంటే నిజంగా అదే అచ్చులో పోసిన బొమ్మేనా? అయితే ఒక్కో విడుదలకూ మధ్య తేడాలున్నాయని సేకర్తలు ఎందుకు వాదించుకుంటారు? కొందరు రీఇష్యూను నకలు కింద లెక్కగట్టి చిన్నచూపు చూస్తారు, అందులో న్యాయముందా? నేను బొమ్మను పెట్టెలోనే ఉంచి దాచుకునే రకం కాదు. అప్పుడప్పుడు చేతిలోకి తీసుకుని లారీని రోబోగా, రోబోను లారీగా మార్చి చూసుకోవాలని ఉంది. నలభై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ ఆ మాత్రం వాడకానికి తట్టుకుంటుందా? చివరిగా, మార్కెట్లో నకిలీలు విపరీతంగా ఉన్నాయని విన్నాను కాబట్టి, వాటిని గుర్తుపట్టే పద్ధతి ఎవరైనా వివరించగలరా? తిరిగి అమ్ముకునే ఉద్దేశం నాకు లేదు, కాబట్టి ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న చర్చ జోలికి పోనవసరం లేదు.

సమాధానం – అచ్చుపనివాడు

ఎర్రలారీ గారూ, అచ్చు ఒకటే అన్న మాట సగమే నిజం. ఆ మిగతా సగం తెలియాలంటే ఈ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో కొంత చెప్పుకోవాలి.

ఆప్టిమస్ ప్రైమ్ అనే పాత్ర పుట్టకముందే ఆ బొమ్మ ఉంది. జపాన్‌లో టకారా సంస్థ 1980లో డయాక్లోన్ అనే శ్రేణిని మొదలుపెట్టింది, 1982 నుంచి అందులో నిజమైన కార్ల నమూనాలు రోబోలుగా మారే బొమ్మలు రావడం మొదలైంది. 1983లో వచ్చిన బ్యాటిల్ కాన్వాయ్ అనే లారీయే తరువాతి ఏడాది అమెరికాలో హాస్‌బ్రో చేతుల మీదుగా ఆప్టిమస్ ప్రైమ్ అయింది. డయాక్లోన్ కథలో ఈ రోబోలకు సొంత ప్రాణం లేదు. లోపల కూర్చుని నడిపే మనుషులు వేరే ఉంటారు. పాదాల్లో అయస్కాంతాలున్న అంగుళమంత పైలట్ బొమ్మలను ఆ శ్రేణితోపాటు అమ్మేవారు. అందుకే ఆప్టిమస్ ప్రైమ్ ఛాతీ మీది అద్దాలను తెరిచి చూస్తే లోపల ఆ పైలట్లు కూర్చునే చోటు కనిపిస్తుంది. ప్రాణమున్న యంత్రమని కథ చెబుతున్న బొమ్మకు డ్రైవరు సీటెందుకని ఆలోచించిన పిల్లవాడికి ఆ పెట్టె మీద ఎక్కడా జవాబు దొరికేది కాదు. రీఇష్యూల్లోనూ ఆ ఖాళీ అలాగే ఉంటుంది, ఎందుకంటే అచ్చులో అది ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్స్‌లో మిగతా సగం మైక్రోమ్యాన్ మైక్రో చేంజ్ అనే మరో టకారా శ్రేణి నుంచి వచ్చింది. డయాక్లోన్ బొమ్మలు వాహనాలను బాగా కుదించిన నమూనాలు అయితే, మైక్రో చేంజ్ బొమ్మలు ఇంట్లోని వస్తువులను వాటి నిజ పరిమాణానికి దగ్గరగా చేసినవి. మెగాట్రాన్ వాల్తర్ పి-38 తుపాకీగా, సౌండ్‌వేవ్ క్యాసెట్ ప్లేయర్‌గా, బంబుల్‌బీ పిల్లలాడుకునే బుల్లి కారుగా ఉండటానికి కారణం ఇదే. ఒకే కథలోని పాత్రలను పక్కపక్కన నిలబెడితే పరిమాణాలు ఎందుకు పొసగవు అనే పాత ప్రశ్నకు ఇంతకు మించిన రహస్యం లేదు. పొసగాలని వాటిని రూపొందించినవారు అనుకోలేదు. రెండు శ్రేణుల బొమ్మలను ఒక చోట చేర్చింది హాస్‌బ్రో, వాటిలో చాలావాటికి పేర్లూ స్వభావాలూ రాసిపెట్టినవారు కామిక్స్ సంస్థ మార్వెల్‌లో పనిచేసిన బాబ్ బుడియాన్‌స్కీ.

ఇక అచ్చుల సంగతి. ప్లాస్టిక్ బొమ్మను పోసే ఉక్కు అచ్చు ఖరీదైనది, బరువైనది, శాశ్వతం కానిది. వేల వేల సార్లు వేడి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అందులోకి నింపుతూ పోతే అంచులు అరుగుతాయి. అరిగిన అచ్చులో రెండు భాగాలు కలిసే గీత వెంట పలచటి రెక్కలాంటి అదనపు ప్లాస్టిక్ మిగులుతుంది, గీతల పదును తగ్గుతుంది, బిగుతుగా ఉండాల్సిన కీలు వదులవుతుంది. అరిగిన చోట బాగుచేసి మళ్లీ వాడవచ్చు, అయితే బాగుచేసిన ప్రతిసారీ ఎక్కడో ఒక చిన్న మార్పు మిగిలిపోతుంది. పైగా ఒకే అచ్చును మరో పాత్ర కోసం మార్చి వాడుకోవడం ఈ రంగంలో మామూలే. ప్రౌల్, బ్లూస్ట్రీక్, స్మోక్‌స్క్రీన్ ముగ్గురూ నిసాన్ ఫెయిర్‌లేడీ జెడ్ కారు నుంచి వచ్చిన ఒకే అచ్చు కుటుంబానికి చెందినవారు. అలా ఒకసారి మార్చిన అచ్చును వెనక్కి తిప్పే వీలు లేకపోతే, మార్పుకు ముందున్న రూపం ఇక అదే అచ్చులో పుట్టదు.

తేడాలకు రెండో కారణం భద్రతా నియమాలు. 1970ల చివర అమెరికాలో ఒక బొమ్మ క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక బాలుడు మరణించిన తరువాత అక్కడి బొమ్మల పరిశ్రమ ఎగిరే క్షిపణుల విషయంలో చాలా జాగ్రత్తపడింది. జపాన్‌లో క్షిపణులను బలంగా విసిరిన అవే యంత్రాలు అమెరికాలో 1984లో స్ప్రింగు బలం తగ్గించుకుని బయటికొచ్చాయి. 2002లో టాయ్స్ ఆర్ అస్ దుకాణాల కోసం హాస్‌బ్రో విడుదల చేసిన కమెమరేటివ్ శ్రేణిలో ఆప్టిమస్ ప్రైమ్ పొగగొట్టాలను పొట్టిగా కోసేశారు, విమానంగా మారే స్టార్‌స్క్రీమ్ క్షిపణులనేమో వికారంగా కనిపించేంత పొడుగు చేశారు. ఆ పొట్టి పొగగొట్టాలు చూస్తే నాకు ఇప్పటికీ లారీకి గుండు కొట్టించినట్టు అనిపిస్తుంది. 2007లో టకారా టోమీ మొదలుపెట్టిన ఎన్‌కోర్ శ్రేణిలోని కాన్వాయ్‌కి పొగగొట్టాలు పాత పొడవులోనే ఉన్నాయి. కాబట్టి రీఇష్యూ కొనాలనుకుంటే, ఏ సంవత్సరం, ఏ దేశపు విడుదల అన్నది అడగకుండా కొనవద్దు.

కొన్ని బొమ్మలకు ఈ చర్చే అవసరం లేదు, ఎందుకంటే అవి తేలికగా రావు. జెట్‌ఫైర్ అచ్చు టకారాది కాదు. టకటోకు అనే మరో జపాన్ సంస్థ ఒక వేరే అంతరిక్ష కథ కోసం చేసిన యుద్ధవిమానం అది. టకటోకు మూతపడ్డాక ఆ అచ్చు బాండాయ్ చేతికి వెళ్లింది, బాండాయ్ టకారాకు పోటీదారు. మెగాట్రాన్‌దీ మరో రకం చిక్కు. నిజమైన తుపాకీలా కనిపించే బొమ్మలకు నారింజరంగు గుర్తు ఉండాలని అమెరికా 1988లో చట్టం చేసింది. ఆ తరువాత అక్కడి దుకాణంలో వెండిరంగు వాల్తర్‌ను మళ్లీ నిలబెట్టడం సులువైన పని కాదు. 2006లో హాస్‌బ్రో తెచ్చిన క్లాసిక్స్ మెగాట్రాన్ నెర్ఫ్ (మెత్తని తూటాల బొమ్మ తుపాకులు) పద్ధతి రంగురంగుల తుపాకీగా మారడానికి వెనుక ఉన్నది ఈ పరిస్థితే. జపాన్‌లో అయితే టకారా 2001లోనే పాత మెగాట్రాన్‌ను రీఇష్యూ చేసింది.

చిన్నచూపు గురించి అడిగారు. హక్కున్న సంస్థ, తన దగ్గరున్న రూపకల్పనతో, తన పేరు వేసి తయారుచేసిన వస్తువును నకలు అనడం సరికాదు. అది 1984 బొమ్మ కాదు, అంతే. 2002 నాటి పొట్టి పొగగొట్టాల బొమ్మ కూడా ఇప్పుడు తన కాలపు నియమాలను మోస్తున్న ఒక పాత వస్తువే.

సమాధానం – మడతకీలు

అచ్చుపనివాడు గారు చరిత్రను చక్కగా వివరించారు, దానికి నేను చేర్చేదేమీ లేదు. ప్రశ్న అడిగినవారు బొమ్మను చేతిలోకి తీసుకుని మారుస్తానన్నారు కదా, సమాధానం అక్కడి నుంచే మొదలుకావాలని నా అభిప్రాయం.

1984 బొమ్మనూ, దాని రీఇష్యూనూ మార్చే పద్ధతి ఒకటే. పిడికిళ్లు విడి భాగాలు, ముందు వాటిని ఊడదీయాలి. తలను వెనక్కి మడిచి లోపలికి పంపాలి, చేతులను లారీ క్యాబిన్ పక్కలకు చేర్చాలి, కాళ్లను వెనక్కి వంచి ట్రెయిలర్ తగిలించే భాగంగా చేయాలి. పని నిమిషంలోపే అయిపోతుంది, పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు, ఆ సరళతే దాని అందం. చివర్లో కాళ్లు తమ స్థానంలో కుదురుకున్నప్పుడు వేళ్లకు తెలిసే చిన్న తాకిడి, చేతిలో లోహపు భాగాల చల్లదనం, బరువు, ఇవన్నీ కొత్త తరం బొమ్మల్లో అరుదు. అయితే రోబో రూపంలో నిలబెట్టాక దానితో చేయగలిగింది చాలా తక్కువ. చేతులు ఎత్తవచ్చు, దించవచ్చు. ఒక అడుగు ముందుకు వేసినట్టు నిలబెడదామంటే కుదరదు, నడుము తిప్పి పక్కకు చూస్తున్నట్టు పెడదామన్నా కుదరదు. కార్టూన్‌లో పరుగెత్తి పోరాడిన నాయకుడు అల్మారాలో స్తంభంలా నిలబడి ఉంటాడు.

మిస్సింగ్ లింక్ శ్రేణి తీర్చాలనుకున్న లోటు ఇదే. పాత రూపాన్ని, పాత పద్ధతిలో మారే తీరును, పెద్ద చతురస్రాల్లాంటి ఆ నిష్పత్తులను అలాగే ఉంచి, భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్లు, చీలమండల దగ్గర కొత్త కీళ్లను పాత గీతల మాటున దాచారు. కీలు ఎక్కడుందో దూరం నుంచి కనిపించదు, మోకాలు వంచినప్పుడే బయటపడుతుంది. కొత్తగా చేసిన అచ్చు కాబట్టి అరుగుదల సమస్య లేదు, అంచులు పదునుగా వస్తాయి. సి-01లో ట్రెయిలర్ కూడా ఉంటుంది. సి-02 అదే బొమ్మను కార్టూన్ రంగులకు దగ్గరగా తెచ్చిన విడుదల. మీకు 1984 బొమ్మ మీద మక్కువ ఉంటే సి-01, కార్టూన్ మీద మక్కువ ఉంటే సి-02 అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

ఇక్కడ మాస్టర్‌పీస్ శ్రేణి గురించి ఎవరైనా ప్రస్తావిస్తారని తెలుసు కాబట్టి ముందే ఒక మాట. 2003లో వచ్చిన ఎంపీ-01 కాన్వాయ్ మొదలుకొని, 2011 నాటి ఎంపీ-10, 2019 నాటి ఎంపీ-44 వరకు అవన్నీ కార్టూన్‌లోని పాత్రను చేతిలో పెట్టాలన్న ప్రయత్నాలు. 1984 బొమ్మను గుర్తుచేయడం వాటి లక్ష్యం కాదు. ఎంపీ-44ను మార్చడం ఓపిక ఉన్న పెద్దవాళ్ల పని, కూర్చుని సూచనల పుస్తకం ముందు పెట్టుకోవాలి. రోజూ సాయంత్రం సరదాగా ఒకసారి తిప్పి చూద్దామనుకునేవారికి అది సరిపడదు.

నా సలహా సూటిగా చెబుతాను: మిస్సింగ్ లింక్ కొనండి. పాత బొమ్మ ఎలా ఉండేదో మన ఊహలో మిగిలిన రూపానికి అదే దగ్గర.

సమాధానం – పెట్టెతెరవను

మడతకీలు గారి ఆఖరి వాక్యంతో నేను ఏకీభవించలేను. ఊహలోని బొమ్మ కావాలంటే మిస్సింగ్ లింక్ మంచిదే, చరిత్రలోని బొమ్మ కావాలంటే అది కాదు. స్తంభంలా నిలబడటం ఆ బొమ్మ లోపం అనుకోవడమే నాకు నచ్చదు. 1983లో ఆ బొమ్మను రూపొందించినవారికి లారీ లారీలా, రోబో రోబోలా కనిపించడం, మధ్యలో మార్పు పిల్లల చేతుల్లో విరగకుండా జరగడం ముఖ్యం. మోకాలి కీలు కోసం కాలిని రెండు ముక్కలు చేయనందువల్లే ఆ కాళ్లకు ఆ దిమ్మెలాంటి గట్టితనం వచ్చింది.

ఇంకొక విషయం. పెట్టెను కూడా బొమ్మలో భాగంగా చూడాలి. ఎరుపూ నలుపూ కలిసిన నేపథ్యం మీద గళ్ల గీతలు, ముందువైపు చిత్రకారుడు గీసిన పాత్ర, వెనుకవైపు భారీ యుద్ధ దృశ్యం, కత్తిరించి దాచుకునే పరిచయపత్రం, ఎర్రని పారదర్శక పట్టీని అడ్డుపెడితేనే చదవగలిగే బలం, తెలివి, వేగం, ధైర్యం వంటి అంకెలు, ఇవన్నీ కలిసి పిల్లవాడిని బొమ్మ ముట్టుకోకముందే కథలోకి లాగేవి. మంచి రీఇష్యూలు ఆ పెట్టెను కూడా దాదాపు అలాగే ముద్రిస్తాయి, 2018 నుంచి వాల్‌మార్ట్ దుకాణాల ద్వారా హాస్‌బ్రో విడుదల చేసిన రీఇష్యూల్లోనూ పాత పెట్టె అందం చాలావరకు కనిపిస్తుంది. నేను పెట్టెలను తెరవనివాణ్ణి అయినా, రీఇష్యూను మూసిపెట్టి దాచడంలో అర్థం లేదని ఒప్పుకుంటాను. ఒకసారి రీఇష్యూ అయిన బొమ్మ మరోసారి కాదన్న హామీ ఎక్కడా లేదు. మూసి ఉంచదగ్గది 1984 పెట్టె ఒక్కటే.

ప్రశ్నించినవారు – ఎర్రలారీ

ముగ్గురికీ ధన్యవాదాలు. డ్రైవరు సీటు సంగతి నాకు కొత్త, బొమ్మ చేతికి రాగానే ముందు ఆ అద్దాలే తెరిచి చూస్తాను.

మీ మాటల వల్ల ఒక విషయం స్పష్టమైంది. అరిగిన 1984 బొమ్మను కొని తిప్పుతూ ఉండటం నాకు ఇష్టం లేదు, అది విరిగితే బాధ్యత నాదవుతుంది. మిగిలిన రెండింటిలో ప్రస్తుతానికి మనసు పాత కీళ్లున్న రీఇష్యూ వైపే మొగ్గుతోంది, స్తంభంలా నిలబడినా ఫరవాలేదు. అయితే వాడినది కొనాల్సి వస్తుంది కాబట్టి నకిలీల గుర్తింపు గురించీ, నిల్వ గురించీ ఎవరైనా వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు. మరో చిన్న ప్రశ్న: రీఇష్యూ బొమ్మలో లోపలివైపు 1980ల సంవత్సరం చెక్కి ఉందని ఒక విక్రేత చూపించి, ఇది అసలు పాతదే అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చా?

సమాధానం – మరబిగింపు

ఎర్రలారీ గారూ, మీ చిన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. నమ్మవద్దు. బొమ్మ లోపల చెక్కి ఉండే సంవత్సరం ఆ రూపకల్పన మీద హక్కు నమోదైన సంవత్సరం, ఆ ఒక్క బొమ్మ తయారైన సంవత్సరం కాదు. అచ్చులో ఆ అంకెలు ఉన్నంతకాలం అందులో నుంచి బయటికొచ్చే ప్రతి బొమ్మకూ అవే అంకెలు వస్తాయి. అచ్చును నకలు చేసినవారి బొమ్మకు కూడా రావచ్చు. విక్రేత మోసం చేస్తున్నారని నేను అనడం లేదు, ఆయనకే తెలియకపోవచ్చు. అయినా ఆ అంకె దేనికీ రుజువు కాదు.

రుజువులు వేరే ఉన్నాయి. అమెరికాలో 1985 నుంచి బొమ్మల మీద రబ్‌సైన్ అనే చిన్న చతురస్రపు ముద్ర అతికించేవారు. వేలితో రుద్దితే ఆ వేడికి అందులో కథలోని రెండు పక్షాలైన ఆటోబాట్ లేదా డిసెప్టికాన్‌ల ముఖచిహ్నం తేలుతుంది. నకలు బొమ్మలు మార్కెట్లో పెరుగుతున్న రోజుల్లో అసలుదాన్ని గుర్తించే చిహ్నంగా దాన్ని ప్రచారం చేశారు. 1984 తొలి విడుదలల మీద ఆ ముద్ర ఉండదు, కాబట్టి ముద్ర లేదని ఒక బొమ్మను నకిలీ అనకూడదు, ఉందని గుడ్డిగా నమ్మనూ కూడదు. ఎన్నో ఏళ్లు గడిచిన ముద్ర రుద్దినా స్పందించకపోవచ్చు.

నకిలీలను నేను పరీక్షించే క్రమం ఇది. మొదట ప్లాస్టిక్ మెరుపు చూస్తాను. అసలు బొమ్మల ఎరుపు, నీలం రంగులు లోపలి నుంచి నిండుగా ఉంటాయి, నకిలీల్లో రంగు కొంచెం జిడ్డుగానో, పారదర్శకంగానో కనిపించి వెలుతురుకు పట్టుకుంటే పలచబడుతుంది. తరువాత స్క్రూల గుంటలు. చౌకగా బిగించిన చోట గుంట చుట్టూ తెల్లని ఒత్తిడి గీతలు కనిపిస్తాయి. ఆ తరువాత వెండిపూత. అసలు బొమ్మ మీద పూత అద్దంలా సమంగా ఉంటుంది, నకిలీల్లో అంచుల దగ్గర పసుపు ఛాయ, కింద దుమ్ము కణాలు చిక్కిన బుడిపెలు కనబడతాయి. స్టికర్ల అంచులు, అక్షరాల పదును కూడా భూతద్దంతో చూడండి. వీటిలో ఒక్కటి తేడాగా ఉంటే అనుమానించాలి, రెండు మూడు ఉంటే కొనకుండా వెనక్కి తిరగాలి. పెట్టె ఫోటో ఒక్కటే చూపించి, బొమ్మ లోపలి భాగాల ఫోటోలు ఇవ్వడానికి నసిగేవారి దగ్గర ఎలాగూ కొనరు కదా.

స్టికర్ల విషయంలో ఒక ముచ్చట చెప్పాలి. మిరాజ్ అనే ఎఫ్-1 కారు లిజియే జేఎస్-11 రేసు కారు నమూనా, నిజమైన కారు మీద ఒక సిగరెట్టు సంస్థ పేరు గిటాన్ ఉండేది. బొమ్మ మీద మొదటి అక్షరాన్ని మార్చి సిటాన్ అని ముద్రించారు. ఆ ఒక్క అక్షరం పిల్లల బొమ్మ మీద పొగాకు ప్రకటన లేదనిపించడానికి సరిపోయింది. పాత బొమ్మలను భూతద్దంతో చూసే అలవాటుంటే ఇలాంటివి ఎన్నో దొరుకుతాయి.

ఇక తట్టుకునే శక్తి గురించి. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం ఏబీఎస్ ప్లాస్టిక్, కొన్ని భాగాలు జింకు మిశ్రలోహపు పోతలు. ఏబీఎస్ గట్టిదే అయినా అతినీలలోహిత కిరణాలకు పసుపు తిరుగుతుంది, తెల్ల భాగాలున్న జెట్‌ఫైర్ వంటివాటిలో అది ముందుగా కనిపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడు పూసి వెలుతురులో ఉంచి ఆ పసుపును పోగొట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, కొంతకాలానికి పసుపు తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని నేను చివరి మార్గంగానే చూస్తాను. అసలు ఎండ తగలనివ్వకపోవడమే మేలు. ప్లాస్టిక్‌లో లోహపు రజను కలిపి పోసిన బంగారురంగు భాగాలది మరీ విచిత్రమైన బాధ. కాలంతోపాటు అవి పెళుసుబారి చేతిలోనే ముక్కలవుతాయి, 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ అనే బొమ్మ ఈ విషయంలో అపకీర్తి పొందింది. మీ ఆప్టిమస్ ప్రైమ్‌కు ఆ భయం లేదు.

వెండిపూత మాత్రం సున్నితమైనది. ప్లాస్టిక్ మీద శూన్యంలో ఆవిరి చేసి అద్దిన అత్యంత పలచని అల్యూమినియం పొర అది, పైన రక్షణగా ఒక లక్క పూత ఉంటుంది. బ్లీచింగు ద్రావణాలు, అమ్మోనియా ఉన్న అద్దాల శుభ్రకాలు దాన్ని కరిగించేస్తాయి, ఆల్కహాలు కూడా ప్రమాదమే. పొడి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి, తప్పనిసరి అయితే కొద్దిగా తడిపిన గుడ్డతో అద్దండి, రుద్దవద్దు.

సమాధానం – అచ్చుపనివాడు

మరబిగింపు గారి సూచనలకు నిల్వ విషయంలో రెండు చేర్పులు. ఆప్టిమస్ ప్రైమ్ టైర్లు రబ్బరువి. మెత్తని రబ్బరు, పీవీసీ భాగాల్లోని మెత్తదనాన్నిచ్చే రసాయనం ఏళ్ల తరబడి గట్టి ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే అందులోకి పాకి, ఆ చోటును జిగటగా కరిగించినట్టు చేయగలదు. పాత పెట్టెల్లో బొమ్మను పొదిగే తెల్లని థర్మోకోల్ అచ్చుకు ఇది మరీ త్వరగా జరుగుతుంది. పెట్టెలో దాచేవారు మధ్యలో ఆమ్లం లేని పలచని కాగితం ఉంచడం మంచిది. బయట నిలబెట్టేవారికి ఆ బెడద తక్కువ.

రెండోది విడి భాగాల గురించి. వాడిన రీఇష్యూ కొంటున్నప్పుడు విక్రేతను పిడికిళ్లు రెండూ, తుపాకీ, ట్రెయిలర్‌లోని రోలర్ అనే చిన్న ఆరు చక్రాల బండి, ఇంధనం నింపే గొట్టం, క్షిపణులు అన్నీ ఒకే ఫోటోలో పెట్టి చూపమని అడగండి. ట్రెయిలర్‌ను తెరిచి నిలబెట్టి, లోపలి మరమ్మతు యంత్రపు చేతులు పైకీ కిందికీ కదులుతున్నాయో లేదో చిన్న వీడియో తీయమనండి. 1984 బొమ్మల్లో మొదట పోయేవి పిడికిళ్లే, రీఇష్యూల విషయంలోనూ అంతే. విడిగా అమ్మే పిడికిళ్లలో నకిలీలు చాలా ఎక్కువ కాబట్టి, అవి లేని బొమ్మను తరువాత పూర్తిచేసుకుందాంలే అని కొనవద్దు.

సమాధానం – మడతకీలు

ఎర్రలారీ గారి నిర్ణయాన్ని మార్చాలని నేను ప్రయత్నించను. కొనేటప్పుడు స్టికర్లు అతికించని పత్రంతో వచ్చే రీఇష్యూ దొరికితే మాత్రం దాన్నే ఎంచుకోండి. అతికించేముందు ఆ చోట వేలి జిడ్డు లేకుండా పొడిగుడ్డతో తుడిచి, స్టికరును చిమటాతో ఒక మూల పట్టుకుని, గుంటలో కూర్చునేలా ఒక అంచు నుంచి మెల్లగా వాల్చండి. ట్రెయిలర్ పక్కలకున్న పొడుగాటి పట్టీలను మొదట అతికించకుండా, చేయి కుదిరాక చివర్లో పెట్టుకోండి. అవి ఒక మిల్లీమీటరు వంకరపోయినా లారీ రూపంలో మొదట కంట్లో పడేది అదే.